హెడ్‌ఫోన్లలో వాల్యూమ్ స్థాయి, స్పేషియల్ ఆడియో అనుభూతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంత డబ్బు పోసి హెడ్‌ఫోన్లు కొన్నాక, శబ్దం మన చుట్టూ, నెత్తిమీద ఉన్నట్టు వినిపించే స్పేషియల్ ఆడియో ఆన్ చేశాక కూడా పాట తల లోపలే మోగుతోందని చాలామంది వాపోతుంటారు. అలా అడిగినవారి ఫోన్ తీసుకుని చూస్తే, తరచుగా వాల్యూమ్ గీత చివరిదాకా వెళ్లి ఉంటుంది. శబ్దం ఎంత గట్టిగా ఉంది, ఎక్కడినుంచి వస్తోంది అనేవి రెండు వేర్వేరు సంగతులని మనం అనుకుంటాం కానీ, చెవి మాత్రం వాటిని అంత విడదీసి చూడదు. ఈ పేజీలోని ప్రశ్నలన్నీ ఆ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే.

స్పేషియల్ ఆడియో ఆన్ చేసినప్పుడు హెడ్‌ఫోన్లలో నిజానికి ఏం జరుగుతుంది?

మన కుడివైపు చప్పుడైతే అది కుడి చెవికి ముందుగా, ఎడమ చెవికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది. సరిగ్గా పక్కనుంచి వచ్చే శబ్దానికి కూడా ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతుకు మించదు, సుమారు 0.7 మిల్లీసెకన్లు మాత్రమే. అయినా అందులో వందో వంతు తేడాను సైతం శిక్షణ పొందిన చెవి పసిగడుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఈ సమయ భేదమూ, ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో తల అడ్డుపడటం వల్ల రెండు చెవుల మధ్య ఏర్పడే తీవ్రతా భేదమూ మనకు దిక్కు చెబుతాయని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో ప్రతిపాదించారు. ఆ లెక్క ఈనాటికీ చాలామటుకు నిలబడే ఉంది.

అయితే శబ్దం సరిగ్గా మన ఎదురుగా ఉన్నా, నడినెత్తిన ఉన్నా, వీపు వెనుక ఉన్నా రెండు చెవులకూ ఒకేలా, ఒకేసారి చేరుతుంది కనుక రేలీ లెక్క అక్కడ పనికిరాదు. ఆ పని చెవిడొప్పది. దాని మడతల్లో శబ్దం పడి లేచేటప్పుడు కొన్ని పై ఫ్రీక్వెన్సీలు బలపడతాయి, ముఖ్యంగా 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కొన్ని సన్నగా కోసినట్టు తగ్గిపోతాయి. శబ్దం వచ్చే ఎత్తును బట్టి ఆ కోత ఉండే చోటు మారుతుంది. చిన్ననాటినుంచి మన మెదడు మన డొప్పల ముద్రనే చదవడం నేర్చుకుంది. ఇయర్‌బడ్స్ నేరుగా చెవి రంధ్రంలోకే శబ్దాన్ని పంపుతాయి కనుక ఆ ముద్ర పడే అవకాశమే లేదు. స్పేషియల్ ఆడియో చేసే పని, ఆ ముద్రను లెక్కగట్టి పాటలో ముందే కలిపి పంపడం. దానికి గది ప్రతిధ్వనిని కొంత, తల తిప్పినప్పుడు శబ్దం ఉన్నచోటే నిలిచేలా చేసే హెడ్ ట్రాకింగ్‌ను కొంత జోడిస్తారు.

వాల్యూమ్ మారిస్తే ఎడమ, కుడి దిక్కులు మారిపోతాయా?

మారవు. రెండు చెవులకూ సమానంగా పెంచినప్పుడు వాటి మధ్య ఉన్న తేడా అలాగే ఉంటుంది, సమయ భేదం అసలే కదలదు. అందుకే స్పేషియల్ ఆడియో బాగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఒక చెవినుంచి మరో చెవికి హెలికాప్టర్ తిరిగే డెమో వినడం వల్ల పెద్ద ఉపయోగం లేదు. ఆ మాత్రం పాత స్టీరియో కూడా చేస్తుంది, ఏ వాల్యూమ్‌లోనైనా చేస్తుంది.

మరి గట్టిగా వింటే చెడిపోయేది ఏమిటి?

ఎత్తు, ముందు వెనుకల తేడా, దూరం. స్పేషియల్ ఆడియోకు మనం విడిగా డబ్బు చెల్లించేది ఈ మూడింటి కోసమే కనుక నష్టం చిన్నదేమీ కాదు.

మొదటి కారణం చెవి లోపలే ఉంది. లోపలి చెవిలోని కోక్లియా తక్కువ స్థాయిల్లో ఒక్కో ఫ్రీక్వెన్సీని చక్కగా విడదీస్తుంది. స్థాయి పెరిగేకొద్దీ ఆ విభజన మొద్దుబారుతుంది, డొప్ప వేసిన సన్నని కోతలు పూడిపోయినట్టు అవుతాయి. క్లిక్ వంటి అతి పొట్టి చప్పుళ్లను గట్టిగా వినిపించినప్పుడు అవి ఎంత ఎత్తునుంచి వచ్చాయో చెప్పడంలో వినేవారు ఎక్కువగా పొరబడతారని పరిశోధకులు హార్ట్‌మన్, రేకర్డ్ 1993లోనూ, మాక్ఫెర్సన్, మిడిల్‌బ్రూక్స్ 2000లోనూ చూపించారు. కాస్త పొడవైన శబ్దాల్లో ఆ దెబ్బ అంతగా కనబడదని కూడా రెండో బృందం గమనించింది. కాబట్టి వీణ నాదం ఉన్నచోట ఉన్నట్టే అనిపించినా, దాని పక్కనే పడే మృదంగం దెబ్బ, తాళం చిటిక ముందుగా గాడి తప్పుతాయని ఊహించవచ్చు.

రెండో కారణం బాస్. కింది ఫ్రీక్వెన్సీలు తమకంటే పైనున్న ఫ్రీక్వెన్సీలను కప్పేస్తాయి, శబ్దం పెరిగేకొద్దీ ఆ కప్పడం పైకి మరింతగా పాకుతుంది. డప్పు దరువు, సింథ్ బాస్ నిండుగా ఉన్న మన మాస్ పాటను చివరి గీత దాకా పెంచితే, ఎత్తును చెప్పవలసిన పై ఫ్రీక్వెన్సీల సన్నని వివరం ఆ దరువు కింద నలిగిపోతుంది. పాట గొప్పగానే ఉంటుంది, కానీ నెత్తిమీద ఉండవలసిన కోరస్ నుదుటి మధ్యకు జారుతుంది.

మూడోది చెవి తనను తాను కాపాడుకునే ఏర్పాటు. సుమారు 80, 90 డెసిబెల్స్ దాటిన శబ్దానికి మధ్య చెవిలోని స్టెపీడియస్ అనే చిన్న కండరం బిగుసుకుని, ముఖ్యంగా 1000 హెర్ట్జ్‌కు దిగువనున్న శబ్దాన్ని కొంత అడ్డుకుంటుంది. దాంతో కళాకారుడు కుదిర్చిన సమతూకం వినేవాడి చెవిలో మరోలా మారుతుంది. వీటికి తోడు చవక ఇయర్‌ఫోన్లు గరిష్ఠ స్థాయిలో తమ సొంత గరగరను కలుపుతాయి, పాటలో లేని ఆ గరగరకు దిక్కూ మొక్కూ ఉండదు.

అలాగైతే వీలైనంత తక్కువగా వినడమే మేలా?

అదీ కాదు. వినబడీ వినబడని స్థాయిలో శబ్దాల చోటును గుర్తించడం కష్టమవుతుంది, అందులోనూ ఎత్తు అన్నిటికంటే ముందుగా దెబ్బతింటుంది. డొప్ప చేసిన కోతలు, ప్రతిధ్వని తోకలు అసలు శబ్దం కంటే బాగా నెమ్మదిగా ఉంటాయి కనుక, వాల్యూమ్ తగ్గించినప్పుడు మొదట వినికిడి గీత కిందికి మునిగేవి అవే. గాయకుడి గొంతు వినబడుతూనే ఉంటుంది, గొంతు చుట్టూ ఉన్న గది మాత్రం మాయమవుతుంది.

బాస్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అన్ని ఫ్రీక్వెన్సీలూ చెవికి ఒకే గట్టితనంతో వినిపించవని ఫ్లెచర్, మన్సన్ 1933లో గీసిన వక్రరేఖలు చూపాయి, వాటి నేటి రూపం ఐఎస్‌ఓ 226 ప్రమాణం. 1000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్ వద్ద ఎంత గట్టిగా వినిపిస్తుందో, 100 హెర్ట్జ్ స్వరం అంతే గట్టిగా వినిపించాలంటే అది 60 డెసిబెల్స్ దాటాలి. స్థాయి పెరిగితే ఈ ఎడం తగ్గుతుంది. కాబట్టి మరీ తక్కువగా విన్నప్పుడు పాట పలచబడి, గది కుంచించుకుపోయినట్టు ఉంటుంది.

దూరాన్ని వాల్యూమ్ ఎలా మారుస్తుంది?

నాకు ఇది పుస్తకంలో చదివినప్పటికంటే మా వంటింట్లో బాగా అర్థమైంది. రెండు చెవి రంధ్రాల దగ్గర చెరొక చిన్న మైకు పెట్టుకుని, పొయ్యి ముందు నిలబడి పప్పుకు తిరగమోత పెట్టడం రికార్డు చేశాను. రాత్రి ఇల్లు సద్దుమణిగాక హెడ్‌ఫోన్లలో విన్నాను. వాల్యూమ్‌ను అసలు చప్పుడుకు దగ్గరగా పెట్టినప్పుడు ఆవాల చిటపట మూరెడు దూరంలో, గడ్డానికి దిగువన, బాణలి ఉన్న చోటే వినిపించింది. కరివేపాకు వేసినప్పుడు చుయ్‌మన్న చప్పుడుకు నేను నిజంగానే తల వెనక్కి లాక్కున్నాను. వెనుక హాల్లో తిరుగుతున్న ఫ్యాన్ హాల్లోనే ఉంది. ఆ తర్వాత పది డెసిబెల్స్ పెంచాను. బాణలి ముఖం మీదికి వచ్చేసింది, ఫ్యాన్ హాలు వదిలి నా భుజం వెనక్కి చేరింది, ఇంకొంచెం పెంచేసరికి ఆవాలు రెండు కళ్ల మధ్య, పుర్రె లోపల పేలడం మొదలుపెట్టాయి. ఫైలు అదే, హెడ్‌ఫోన్లు అవే.

కారణం ఊహించలేనిదేమీ కాదు. ఆరుబయట శబ్దానికి రెట్టింపు దూరం జరిగితే అది సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లెక్క మెదడుకు అలవాటే కనుక, తనకు బాగా తెలిసిన శబ్దం మామూలు కంటే గట్టిగా ఉంటే దగ్గరికి వచ్చిందనుకుంటుంది. గది లోపల మెదడు మరొకటి కూడా చూస్తుంది: నేరుగా వచ్చిన శబ్దం ఎంత, గోడలను తాకి వచ్చింది ఎంత. వాల్యూమ్ పెంచితే ఈ నిష్పత్తి మారదు. అంటే ఫ్యాన్ చప్పుడులోని ప్రతిధ్వని అది దూరాన ఉందని చెబుతుంటే, దాని గట్టితనం దగ్గరుందని చెబుతుంది. ఇలా రెండు సాక్ష్యాలు పొసగనప్పుడు మెదడు తరచుగా శబ్దాన్ని బయట నిలపడం మానేసి తల లోపలే పడేస్తుంది.

మనిషి గొంతులో ఇది మరీ స్పష్టం. గుసగుసగా పాడిన పల్లవిని గట్టిగా వింటే ఎవరో చెవిలో నోరు పెట్టి పాడినట్టుంటుంది, ఎందుకంటే గుసగుస అంత గట్టిగా వినబడాలంటే మనిషి అంత దగ్గరగా ఉండక తప్పదని మెదడుకు తెలుసు. ఎలుగెత్తి అరిచిన మాటను నెమ్మదిగా వింటే అదే మనిషి చెరువు అవతలి గట్టున నిలబడతాడు.

ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. నా రికార్డింగులో పడింది నా చెవిడొప్పల ముద్ర కనుక నాకు అంత నిజంగా తోచింది. అదే ఫైలు మా ఇంట్లో మరొకరికి వినిపిస్తే దూరం బాగానే కుదిరింది కానీ, బాణలి కింద కాకుండా ఎదురుగా ఉందన్నారు.

పాట స్టీరియో రూపం కంటే డాల్బీ అట్మాస్ రూపం నీరసంగా ఉంటోంది. స్పేషియల్ మిక్సులే బాగుండవా?

డాల్బీ అట్మాస్ అంటే స్పేషియల్ ఆడియో కోసం పాటను విడిగా మిక్స్ చేసే ఒక పద్ధతి. అలాంటి మిక్సుల్లో కొన్ని నిజంగానే బాగుండవు, తొందరలో చేసినవి ఉంటాయి. కానీ తీర్పు చెప్పే ముందు స్థాయి చూసుకోవాలి. అట్మాస్ సంగీతాన్ని సగటున మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్‌ను (పాట మొత్తం సగటు గట్టితనాన్ని కొలిచే ప్రమాణం) మించకుండా అందించాలన్నది డాల్బీ నియమం. స్టీరియోలో అటువంటి కట్టుబాటు లేదు, ఈ కాలపు సినిమా పాటలు దానికంటే చాలా గట్టిగా తయారవుతాయి. రెండింటినీ ఒకే వాల్యూమ్ గీత దగ్గర మార్చి మార్చి వింటే ఎన్నో డెసిబెల్స్ తేడాతో పోలుస్తున్నట్టు. ఏ రెండు శబ్దాల్లోనైనా కాస్త గట్టిగా ఉన్నదే బాగుందనిపించడం మనుషులందరిలో ఉన్న బలహీనత, సౌండ్ ఇంజినీర్లు కూడా దానికి అతీతులు కారు. గాయకుడి గొంతు రెండింటిలోనూ సమానంగా వినిపించేలా అట్మాస్‌కు వాల్యూమ్ పెంచి, అప్పుడు పోల్చండి. ఆ తర్వాత కూడా స్టీరియోయే నచ్చితే నిశ్చింతగా స్టీరియో వినండి.

గట్టిగా పెట్టినప్పుడే శబ్దం విశాలంగా, చుట్టూ కమ్ముకున్నట్టు ఉంటుంది కదా?

ఉంటుంది, అది భ్రమ కాదు. సంగీత మందిరాల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనల్లో కూడా వాద్యబృందం గట్టిగా వాయించినప్పుడు వేదిక వెడల్పు పెరిగినట్టు శ్రోతలకు తోస్తుందని తేలింది. అయితే విశాలం కావడం వేరు, ప్రతి వాద్యం తన చోట ఉండటం వేరు. ముగ్గు పిండి తడిస్తే మరకగా పరుచుకుంటుంది, దాన్ని పెద్ద ముగ్గు అనలేం. సినిమా నేపథ్య సంగీతానికి ఆ కమ్ముకోవడమే కావాలనుకునేవారు కాస్త పెంచుకుంటే తప్పు లేదు, నేనూ పెంచుకుంటాను. ఏ వాద్యం ఎక్కడుందో వినాలనుకున్నప్పుడు తగ్గిస్తాను.

బస్సులో, రైల్లో స్పేషియల్ ఆడియో ఎందుకు తేలిపోతుంది?

ఆర్టీసీ బస్సులో ఇంజన్ పక్క సీటులో కూర్చుంటే ఆ మోత కింద పాటలోని ప్రతిధ్వని తోకలన్నీ మునిగిపోతాయి. మునిగినవాటిని పైకి తేవాలని మనం వాల్యూమ్ పెంచుతాం, పెంచగానే పైన చెప్పిన నష్టాలు మొదలవుతాయి. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. నాయిస్ క్యాన్సలేషన్ సరిగ్గా ఇక్కడ అక్కరకొస్తుంది, ఎందుకంటే అది ఇంజన్ గుర్రుమనడం వంటి నిలకడైన, తక్కువ ఫ్రీక్వెన్సీ మోతలనే బాగా తగ్గిస్తుంది. హారన్లను, పక్కవారి మాటలను తగ్గించేది చాలావరకు చెవిలో బిగువుగా కూర్చున్న రబ్బరు మొన. ఆ మొన కొలత సరిపోకపోతే బాస్ కారిపోయి, జనం దాన్ని వాల్యూమ్‌తో పూడ్చబోతారు. డబ్బాలో వచ్చిన మూడు కొలతలనూ ఒక్కసారైనా పెట్టి చూడండి.

ఇంతకీ ఏ స్థాయిలో వినాలి?

నిశ్శబ్దంగా ఉన్న గదిలో 65 నుంచి 75 డెసిబెల్స్ మధ్య వింటే సంగీతానికి స్థలానుభూతి బాగా నిలబడుతుందన్నది నా అంచనా. ఇది ప్రమాణం కాదు, వినేవాడి అభిప్రాయం. ఐఫోన్‌కు ఆపిల్ ఇయర్‌బడ్స్ తగిలించి ఉంటే కంట్రోల్ సెంటర్‌లోని వినికిడి గుర్తులో అప్పటి స్థాయి కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో 75 నుంచి 100 డెసిబెల్స్ మధ్య ఎక్కడైనా పై హద్దు కూడా పెట్టుకోవచ్చు.

అంకెలు చూపని ఫోన్లకు ఒక నాటు పద్ధతి ఉంది. ఒకే మనిషి మామూలుగా మాట్లాడే కార్యక్రమం ఏదైనా పెట్టి, ఆ మనిషి బల్లకు అవతల కూర్చుని మాట్లాడుతున్నంత గట్టిగా వినిపించేదాకా వాల్యూమ్ సర్దండి. మీటరు దూరంలో మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది కనుక మీకు ఒక గుర్తు దొరుకుతుంది. సంగీతానికి అక్కడినుంచి ఒకటి రెండు గీతలు పెంచితే చాలు. ఈ సర్దుబాటులో మన చేయి సహజంగానే కొంచెం ఎక్కువకు పోతుంది. స్పీకర్లలో విన్నంత గట్టిగా హెడ్‌ఫోన్లలో అనిపించాలంటే చెవి దగ్గర మరో 6 డెసిబెల్స్ కావలసివస్తోందని మన్సన్, వీనర్ 1952లోనే ఆశ్చర్యపోయి, ఆ తప్పిపోయిన 6 డెసిబెల్స్ కోసం వెతికారు. అందులో కొంత కొలిచే పద్ధతిలోని లోపమని తరువాతివారు తేల్చారు.

గన్ గేమ్స్‌లో అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియాలంటే పెంచక తప్పదు కదా?

అడుగుల చప్పుడు కోసం పెంచిన వాల్యూమ్‌లో తుపాకి పేలినప్పుడు, ఆ వెంటనే వచ్చే క్షణకాలం చెవి మొద్దుబారి ఉంటుంది, శత్రువు అడుగు వేసేది తరచుగా అప్పుడే. వాల్యూమ్ పెంచడానికి బదులు గేమ్ సెట్టింగుల్లో సంగీతాన్ని తీసేయడం, పరిసరాల శబ్దాన్ని తగ్గించడం మేలు. నెమ్మది శబ్దాలను పైకి లేపి గట్టివాటిని అణచే నైట్ మోడ్ కొన్నింటిలో ఉంటుంది. దాంతో అడుగులు వినబడతాయి కానీ, దూరపు అడుగూ దగ్గరి అడుగూ ఒకే గట్టితనంతో వస్తాయి, దిక్కు దొరికి దూరం పోతుంది. మరో సంగతి: గేమ్‌లోనూ హెడ్‌ఫోన్ యాప్‌లోనూ రెండుచోట్లా స్పేషియల్ ఆడియో ఆన్ చేస్తే ఒక ముద్ర మీద మరో ముద్ర పడి రెండూ చెడతాయి. ఒకటే ఉంచండి.

గట్టిగా విన్న మర్నాడు స్పేషియల్ ఆడియో చప్పగా అనిపించింది. నిజంగా అలా జరుగుతుందా?

జరుగుతుంది. ఎక్కువసేపు గట్టి శబ్దం విన్నాక చెవులు దిబ్బళ్లు వేసి, గింగురుమంటూ ఉండటం అందరికీ అనుభవమే. ఆ సమయంలో వినికిడి తాత్కాలికంగా తగ్గుతుంది, అదీ ముఖ్యంగా 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో, అంటే ముందు వెనుకలను, ఎత్తును చెప్పే ఫ్రీక్వెన్సీల పొలిమేరలో. కొన్ని గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో తేరుకోవచ్చు. పదే పదే జరిగితే ఆ తగ్గుదల శాశ్వతమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి రూపొందించిన ప్రమాణం ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు హద్దు, పిల్లలకు అదే 40 గంటలు 75 డెసిబెల్స్ వద్ద. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ వ్యవధి సగమవుతుంది: 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10, 89 వద్ద 5. రోజూ గంటసేపు బస్సులో 92 వద్ద వినేవారికి ఆ వారపు కోటా మూడో రోజు మధ్యలోనే అయిపోతుంది.

బాగా తక్కువ వాల్యూమ్‌లో మాత్రమే శబ్దం ఒక పక్కకు లాగుతోంది. నా చెవిలో లోపమా?

ముందు హెడ్‌ఫోన్లను తిప్పి, ఎడమది కుడికి పెట్టుకుని వినండి. శబ్దం కూడా రెండో పక్కకు మారితే లోపం పరికరానిది. గుండ్రని వాల్యూమ్ మీట ఉన్న పాత తరహా ఆంప్లిఫయర్లలో మీట మొదటి భాగంలో ఎడమ, కుడి ఛానళ్లు సమానంగా ఉండవు. రెండు చెవుల మధ్య ఒక్క డెసిబెల్ తేడా వచ్చినా మధ్యలో నిలబడవలసిన గొంతు కదులుతుంది కనుక అది వెంటనే తెలుస్తుంది. నా దగ్గరున్న ఆంప్లిఫయర్‌తో ఇదే గొడవ. ఫోన్‌లో వాల్యూమ్ కొంత తగ్గించి, మీటను సగం దాకా తిప్పి వాడుతున్నాను, అలా చేస్తే గొంతు మధ్యకు వస్తుంది. ఇయర్‌బడ్స్ అయితే జాలీలో గులిమి చేరిందేమో చూసి, మెత్తని పొడి బ్రష్‌తో తుడవండి. తిప్పి పెట్టుకున్నా శబ్దం అదే పక్కన ఉంటే మాత్రం చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోవాలి. చెవిలో గులిమి గడ్డకట్టినా ఇలాగే ఉంటుంది, అది అక్కడే పది నిమిషాల్లో తీసేస్తారు.